హైడ్రాలిక్ ప్రెస్ మీ మాట వినాలంటే: పంపు ఎంపిక నుంచి వాల్వ్ సెట్టింగ్ దాకా

సిలిండర్ నెమ్మదిగా కదులుతోందని అనగానే చాలా షెడ్లలో చెయ్యి ముందుగా వెళ్లేది రిలీఫ్ వాల్వ్ మీదికే. ప్రెజర్ పెట్టిన హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసే వాల్వ్ అది. ఒక చుట్టు బిగిస్తారు, వేగం పెరగదు. ఇంకో చుట్టు బిగిస్తారు. గేజ్ ముల్లు పైకి పోతుంది, మోటారు మూలుగుతుంది, సిలిండర్ మాత్రం ముందు ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది. కొన్నాళ్లకు హోస్ పగులుతుంది, లేదా సిలిండర్ సీల్ పోతుంది.

హైడ్రాలిక్స్‌లో మూడు విషయాలు వేరువేరుగా అదుపులో ఉండాలి. సిలిండర్ ఎటు కదలాలో డైరెక్షన్ వాల్వ్ చూసుకుంటుంది. ఎంత వేగంగా కదలాలో అక్కడికి చేరే ఆయిల్ పరిమాణం నిర్ణయిస్తుంది. ఎంత బలంగా నొక్కాలో ప్రెజర్ నిర్ణయిస్తుంది. ఒకదాని పని ఇంకోదాని స్క్రూతో చేయబోతేనే గొడవలు మొదలవుతాయి.

పంపు ప్రెజర్‌ని పుట్టించదు, ఆయిల్‌ని తోస్తుంది, అంతే. బోరు మోటారు వేసి పైపు చివర వదిలేస్తే నీళ్లు ధారగా పోతాయి, గేట్ వాల్వ్ మూస్తే పైపు అదురుతుంది. మోటారు రెండుసార్లూ అదే. హైడ్రాలిక్ పంపు సంగతీ అంతే. ఎదురుగా లోడ్ ఎంత ఉంటే ప్రెజర్ అంత పుడుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఉదాహరణకు ఒక చిన్న వర్క్‌షాప్ ప్రెస్ తీసుకుందాం. సిలిండర్ పైన ఫ్రేముకు బిగించి, రాడ్ కిందికి దిగుతుంది. రాడ్ చివర ప్లేటు, టూల్ కలిపి 400 కిలోలు. కావాల్సిన బలం 10 టన్నులు, స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) 300 మి.మీ.

ముందు కాగితం మీద లెక్క

షాపుకు వెళ్లే ముందు ఈ లెక్క వేసుకోండి. సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 100 మి.మీ., రాడ్ 70 మి.మీ. అనుకుందాం. పిస్టన్ పూర్తి వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. రాడ్ ఆక్రమించిన 38.5 తీసేస్తే రాడ్ వైపు మిగిలేది 40. అంటే దాదాపు రెండుకు ఒకటి. ఈ నిష్పత్తి తర్వాత చాలాచోట్ల మనల్ని పలకరిస్తుంది.

10 టన్నుల బలానికి లెక్క ప్రకారం 125 బార్ చాలు (బార్ అంటే ప్రెజర్ కొలత, చదరపు సెం.మీ.కి దాదాపు ఒక కిలో బలం). సీళ్ల రాపిడి, పైపుల్లో నష్టం కలుపుకుని 140 బార్ దగ్గర రిలీఫ్ పెట్టుకోవచ్చు. అంతకంటే ఎక్కువ ఈ పనికి అనవసరం.

ఇక వేగం. ఒక్క చుట్టుకు 8 సీసీ ఇచ్చే గేర్ పంపుని 1440 ఆర్‌పీఎం మోటారుకు కడితే, లోపలి లీకేజీ పోను నిమిషానికి 11 లీటర్లు వస్తాయి. 11,000 సీసీని 78.5తో భాగిస్తే నిమిషానికి 140 సెం.మీ., అంటే సెకనుకు 2.3 సెం.మీ. మొత్తం స్ట్రోక్ దిగడానికి 13 సెకన్లు. పైకి వెళ్లేటప్పుడు వైశాల్యం సగమే కాబట్టి అదే ఆయిల్‌తో ఆరున్నర సెకన్లు. ఈ రెండు సంఖ్యలూ రాసి ఉంచుకోండి. రేపు మెషిన్ నీరసపడిందని అనుమానం వచ్చినప్పుడు ఇవే సాక్ష్యం.

మోటారు ఎంత కావాలో తెలుసుకోవడానికి బార్‌ని లీటర్లతో గుణించి 600తో భాగించండి. 140 × 11 ÷ 600 అంటే 2.6 కిలోవాట్లు. పంపు నష్టాలు కలిపితే 3 అవుతుంది. మార్కెట్లో దొరికే 5 హెచ్‌పీ, అంటే 3.7 కిలోవాట్ల మోటారు సరిపోతుంది.

13 సెకన్లు మరీ ఎక్కువ అనిపిస్తే పెద్ద పంపు కొనే ముందు ఆలోచించండి. ప్రెస్‌కి బలం కావాల్సింది చివరి కొద్ది సెంటీమీటర్లలోనే. దిగేటప్పుడు ఒక పెద్ద పంపు, ఒక చిన్న పంపు కలిసి ఆయిల్ ఇచ్చి, లోడ్ తగలగానే పెద్ద పంపు ఆయిల్ నేరుగా ట్యాంకుకి పోయే హై-లో పంపు ఇలాంటి మెషిన్లకే పుట్టింది. చిన్న మోటారుతోనే పని జరిగిపోతుంది.

ట్యాంకు, పైపులు

ట్యాంకు పంపు నిమిషానికి ఇచ్చే ఆయిల్‌కి మూడింతలైనా ఉండాలి, ఇక్కడ 40 లీటర్లు అనుకోండి. మన ఎండలకు చిక్కదనంలో 68 నంబర్ ఆయిల్ వాడడం మామూలే. ఆయిల్‌ని రామ్ (రాడ్, దాని చివర ప్లేటు) పూర్తిగా పైకి ఉన్నప్పుడు నింపాలి. రామ్ కిందికి దిగి ఉన్నప్పుడు ట్యాంకు లెవెల్ గేజ్ నిండా పోస్తే, పైకి వెళ్లగానే రాడ్ ఖాళీ చేసిన చోటికి సమానంగా లీటరుకు పైగా ఆయిల్ అదనంగా ట్యాంకులోకి తిరిగి వస్తుంది.

రిటర్న్ లైన్ విషయంలో చాలామంది పంపు సైజునే చూసి మోసపోతారు. రామ్ పైకి వెళ్లేటప్పుడు రాడ్ వైపు 11 లీటర్లు పోతుంటే, పిస్టన్ పైనుంచి దాదాపు 22 లీటర్లు బయటికి వస్తాయి. డైరెక్షన్ వాల్వ్, రిటర్న్ ఫిల్టర్, పిస్టన్ వైపు హోస్ ఈ 22 లీటర్లకు తగ్గట్టుండాలి. పంపు నుంచి వాల్వ్ వరకు 3/8 అంగుళం చాలు. పిస్టన్ వైపు హోస్ 1/2 అంగుళం, రిటర్న్ 3/4 అంగుళం వేయండి. సక్షన్ (ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు) కూడా 3/4కి తగ్గకూడదు, వీలైనంత పొట్టిగా ఉండాలి. సక్షన్ ఇరుకైతే పంపు గులకరాళ్లు నములుతున్నట్టు మోత పెడుతుంది. ఆ మోతతోనే పంపు లోపల అరిగిపోతుంది.

శుభ్రత గురించి గట్టిగా చెప్పాలి. డైరెక్షన్ వాల్వ్‌లో స్పూల్‌కీ (అటూ ఇటూ జరిగి ఆయిల్ దారులు మార్చే కడ్డీ) బాడీకీ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే. కంటికి కనిపించని ఇసుక రేణువు అక్కడ ఇరుక్కుంటే స్పూల్ కదలదు. వెల్డింగ్ చేసిన ట్యాంకులో స్లాగ్ మిగలకూడదు. పోగులు ఊడే వేస్ట్ కాటన్‌తో లోపల తుడవకండి. పోర్టుల దగ్గర టెఫ్లాన్ టేప్ చుట్టకండి, దాని ముక్కలు నేరుగా వాల్వ్‌లోకే పోతాయి. డౌటీ వాషర్ (రబ్బరు అంచున్న లోహపు వాషర్) గానీ ఓ-రింగ్ ఉన్న ఫిట్టింగ్ గానీ వాడండి. సీలు తీయని కొత్త డబ్బాలో ఆయిల్ కూడా వాల్వ్‌లు కోరుకునేంత శుభ్రంగా ఉండదు, ఫిల్టర్ గుండానే పోయండి.

డైరెక్షన్ వాల్వ్: మధ్యలో ఏం జరగాలి?

ఇలాంటి పనికి ఫోర్ బై త్రీ వాల్వ్ వాడతారు: నాలుగు పోర్టులు, మూడు స్థానాలు. పి అంటే పంపు, టీ అంటే ట్యాంకు, ఏ, బీ సిలిండర్‌కి. ఒక సోలెనాయిడ్‌కి (స్పూల్‌ని జరిపే విద్యుదయస్కాంతం) కరెంటు ఇస్తే దిగుతుంది, రెండోదానికి ఇస్తే లేస్తుంది. రెండింటికీ కరెంటు లేనప్పుడు స్ప్రింగులు స్పూల్‌ని మధ్యకు తెస్తాయి.

కొనేటప్పుడు అసలు అడగాల్సింది ఆ మధ్య స్థానం గురించి. అన్ని పోర్టులూ మూసి ఉండే స్పూల్ తెచ్చారనుకోండి, రామ్ ఆగి ఉన్నంతసేపూ పంపు ఆయిల్ మొత్తం 140 బార్ దగ్గర రిలీఫ్ వాల్వ్ మీదుగా పోతూ ఉంటుంది. రెండున్నర కిలోవాట్ల హీటర్ ట్యాంకులో పెట్టినట్టే. ఫిక్స్‌డ్ గేర్ పంపుకి టాండెమ్ సెంటర్ మంచిది: పి నుంచి టీకి దారి తెరుచుకుంటుంది, ఏ, బీ మూసుకుంటాయి. రామ్ ఆగితే పంపు తేలికగా తిరుగుతుంది.

రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత వాల్వ్ కొంటుంటే నేమ్‌ప్లేట్ మీద ఉన్న మూడు గడుల బొమ్మ చూడండి. బయటికి ఒకేలా కనిపించే వాల్వ్‌ల్లో లోపల స్పూల్ వేరు. బొమ్మ చెరిగిపోయి ఉంటే కొనకండి. బెళగావిలో తయారైన కొత్త వాల్వ్‌లు దేశమంతా దొరుకుతున్నాయి, స్పూల్ కోడ్ చెప్పి తెప్పించుకోవడం మేలు.

రెండు సోలెనాయిడ్లకూ ఒకేసారి కరెంటు వెళ్లకుండా ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ పెట్టించండి. ఏసీ కాయిల్ అయితే స్పూల్ పూర్తిగా జరగకపోతే కాలిపోతుంది. 24 వోల్టుల డీసీ కాయిల్‌కి ఆ బాధ లేదు.

వేగం తగ్గించడం: థ్రాటిల్ ఎక్కడ పెట్టాలి?

థ్రాటిల్ అంటే ఆయిల్ దారిని ఇరుకు చేసేది. అది ఉండే ఫ్లో కంట్రోల్ వాల్వ్‌ని సిలిండర్‌లోకి వెళ్లే దారిలో పెడితే మీటర్-ఇన్, బయటికి వచ్చే దారిలో పెడితే మీటర్-అవుట్. లోడ్ లాగేసే చోట మీటర్-అవుట్ పెట్టాలని పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. మన ప్రెస్‌లో ప్లేటు బరువు కిందికి లాగుతుంది కాబట్టి రాడ్ వైపు మీటర్-అవుట్ పెట్టేద్దామనిపిస్తుంది. ఇక్కడే రెండుకు ఒకటి నిష్పత్తి కాటేస్తుంది.

పైన 78.5 చ.సెం.మీ. మీద 140 బార్ నెడుతుంది. కింద 40 చ.సెం.మీ.లో ఆయిల్ థ్రాటిల్ వల్ల ఇరుక్కుని ఉంది. ఆ బలాన్ని ఆపాలంటే రాడ్ వైపు ప్రెజర్ 274 బార్‌కి చేరాలి, ప్లేటు బరువు వల్ల ఇంకో 10 బార్. మీ గేజ్ పంపు దగ్గర ఉంటే అది 140 అనే చూపిస్తుంది. రాడ్ సీల్, హోస్ మాత్రం రెట్టింపు ఒత్తిడి మోస్తుంటాయి. రాడ్ సీళ్లు తరచూ పోతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. ఎవరూ అక్కడ గేజ్ పెట్టి చూడరు.

అందుకని ఈ మెషిన్‌కి నా సలహా: పిస్టన్ వైపు లైన్‌లో మీటర్-ఇన్ ఫ్లో కంట్రోల్, రాడ్ వైపు కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్ (పెట్టిన ప్రెజర్ చేరేదాకా ఆయిల్‌ని బయటికి వదలనిది). వేగం ఒకటి చూసుకుంటుంది, బరువు ఇంకొకటి మోస్తుంది. ఫ్లో కంట్రోల్‌లో చెక్ వాల్వ్ (ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చేది) కలిసి ఉన్నది తీసుకోండి, లేకపోతే పైకి వెళ్లేటప్పుడు కూడా ఆయిల్ ఆ ఇరుకు దారిలోనే పోవాలి.

మామూలు థ్రాటిల్ అయితే లోడ్ మారినప్పుడల్లా వేగం మారుతుంది, ఎందుకంటే దాని గుండా పోయే ఆయిల్ రెండు వైపుల ప్రెజర్ తేడాను బట్టి ఉంటుంది. నొక్కేటప్పుడు కూడా వేగం ఒకేలా ఉండాలంటే ప్రెజర్ కాంపెన్సేటెడ్ రకం కొనాలి. ఖరీదు ఎక్కువే, కానీ లోతు కచ్చితంగా రావాల్సిన పనికి తప్పదు.

థ్రాటిల్‌తో వేగం తగ్గించడానికి మూల్యం కూడా ఉంది. 11 లీటర్లలో 5 మాత్రమే వాడితే, మిగతా 6 లీటర్లు 140 బార్ దగ్గర రిలీఫ్ మీదుగా పోతాయి. అంటే 1.4 కిలోవాట్ల వేడి. ఎప్పుడో ఒకసారైతే ఫరవాలేదు. రోజంతా నెమ్మదిగానే నడపాలంటే మాత్రం చిన్న పంపు పెట్టండి, లేదా మోటారుకి డ్రైవ్ పెట్టి ఆర్‌పీఎం తగ్గించండి. ఆర్‌పీఎంతో పాటే ఆయిల్ తగ్గుతుంది, వేడి పుట్టదు. అయితే గేర్ పంపుని తయారీదారు చెప్పిన కనీస వేగం కంటే కిందికి దించకూడదు.

బరువు జారిపోకుండా

400 కిలోలు 40 చ.సెం.మీ. మీద వేలాడుతుంటే అక్కడ 9.8 బార్ ఉంటుంది. కౌంటర్ బ్యాలెన్స్‌ని దానికి 30 శాతం పైన, అంటే 13 బార్ దగ్గర పెట్టాలి. అప్పుడు పైనుంచి పంపు కొంచెం నెడితే తప్ప ప్లేటు దిగదు.

దీని బదులు పైలట్ చెక్ వాల్వ్ (అవతలి లైన్‌లో ప్రెజర్ వస్తేనే వెనక్కి దారి ఇచ్చే చెక్ వాల్వ్) ఒక్కటే పెట్టి సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. దిగేటప్పుడు అది తెరుచుకోగానే బరువు ఒక్కసారిగా జారుతుంది, పైన ప్రెజర్ పడిపోతుంది, వాల్వ్ మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. మెషిన్ టకటకా కొట్టుకుంటూ దిగుతుంది. గంటలకొద్దీ కదలకుండా నిలబెట్టడానికి పైలట్ చెక్ బాగుంటుంది, బరువుని దించే పని దానిది కాదు.

వాల్వ్ ఏదైనా సరే, ప్లేటు కింద చెయ్యి పెట్టే ముందు ఇనుప పిన్నో, సేఫ్టీ బ్లాకో తప్పకుండా పెట్టండి. స్పూల్ వాల్వ్‌లన్నీ కొద్దికొద్దిగా లీకవుతాయి. హోస్ తెగడానికి ముహూర్తం ఉండదు. దించడానికి రెండు చేతులతో నొక్కే పుష్ బటన్లే పెట్టించండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

1. ప్లేటు కింద చెక్క దిమ్మెలు పెట్టండి. మెయిన్ రిలీఫ్ స్క్రూని పూర్తిగా వదులు చేయండి. ఫ్లో కంట్రోల్ పూర్తిగా తెరవండి. పంపులో కొంచెం ఆయిల్ పోయండి, పొడిగా తిప్పకూడదు.

2. మోటారుని అర సెకను ఆన్ చేసి ఆపండి. బాణం గుర్తు వైపే తిరుగుతోందా? తిరగబడితే రెండు ఫేజులు మార్చండి. గేర్ పంపు ఉల్టా తిరిగితే షాఫ్ట్ సీల్ క్షణాల్లో బయటికి వచ్చేస్తుంది.

3. రెండు, మూడు నిమిషాలు లోడ్ లేకుండా తిరగనివ్వండి. మోత తగ్గాలి, ట్యాంకులో నురగ ఆగాలి.

4. డైరెక్షన్ వాల్వ్‌కి కరెంటు ఇచ్చి రిలీఫ్‌ని 30 బార్ దాకా బిగించండి. రామ్‌ని చిన్నచిన్న దూరాలు పైకీ కిందికీ నడపండి. కదలిక కుదుపులు లేకుండా సాఫీగా వచ్చేదాకా గాలి ఉన్నట్టే. ఆయిల్ మట్టం తగ్గితే నింపండి.

5. రాడ్ వైపు గేజ్ పెట్టి, దిగుతున్నప్పుడు అది 13 బార్ చూపించేలా కౌంటర్ బ్యాలెన్స్ సర్దండి. ఇక్కడ జాగ్రత్త: కొన్ని కార్ట్రిడ్జ్ వాల్వ్‌లలో స్క్రూని కుడివైపు తిప్పితే సెట్టింగ్ పెరగదు, తగ్గుతుంది. బిగిస్తున్నామనుకుని లోడ్ వదిలేస్తారు. తయారీదారు ఇచ్చిన కాగితం చదివాకే స్పానర్ పట్టండి.

6. ఇప్పుడు మెయిన్ రిలీఫ్. రామ్‌ని పూర్తిగా పైకి తీసుకెళ్లి, చివర తగిలాక కూడా బటన్ నొక్కి పట్టుకుని 50, 80, 110, 140 అని మెట్టుమెట్టుగా పెంచండి. ఒక్కో మెట్టు దగ్గర ఆపి ఫిట్టింగులు చూడండి. పైన సెట్ చేయమనడానికి కారణం ఉంది: బలం సిలిండర్ లోపలే ఆగుతుంది, ఫ్రేము మీద పడదు. 140 రాగానే లాక్‌నట్ బిగించి పెయింట్ చుక్క పెట్టండి. ఎవరైనా తిప్పితే తెలిసిపోతుంది.

7. చివరగా ఫ్లో కంట్రోల్‌ని కొద్దికొద్దిగా మూస్తూ పనికి కావాల్సిన వేగం తెచ్చుకోండి.

ఫిట్టింగ్ దగ్గర ఆయిల్ కారుతోందేమోనని వేలితో తడమకండి. సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. ఆపరేషన్ ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. లీకు వెతకడానికి అట్టముక్క వాడండి. ఎవరికైనా తగిలితే "చిన్న దెబ్బే" అనకుండా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, హైడ్రాలిక్ ఆయిల్ ప్రెజర్‌తో లోపలికి పోయిందని డాక్టరుకి చెప్పండి.

తేడా వచ్చినప్పుడు ఎక్కడ చూడాలి?

రామ్ అసలు కదలకపోతే, రిలీఫ్ జోలికి పోకముందు సోలెనాయిడ్ చివర ఉండే చిన్న పిన్నుని నొక్కండి. చుట్టూ మనుషులు, ప్లేటు కింద ఏమీ లేకుండా చూసుకుని మరీ. కదిలిందంటే తప్పు కరెంటులో ఉంది. పిన్నే లోపలికి పోకపోతే స్పూల్ ఇరుక్కుంది.

నెమ్మదించిందనుకుంటే ఫ్లో కంట్రోల్ పూర్తిగా తెరిచి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. ఖాళీగా 13 సెకన్లకే దిగి, లోడ్ మీద మాత్రం అదే దూరానికి చాలా ఎక్కువ సమయం పడుతుంటే ఆయిల్ ఎక్కడో లోపల జారుకుంటోంది: అరిగిన పంపు, లేదా పిస్టన్ సీల్. అలా నెమ్మదిగా కదులుతున్నప్పుడే గేజ్ రిలీఫ్ సెట్టింగ్ దగ్గరే నిలబడి ఉందనుకోండి, ఆయిల్ రిలీఫ్ మీదుగా పోతోంది. రిలీఫ్‌ని బిగిస్తే వేగం పెరిగేది ఈ ఒక్క సందర్భంలోనే. అప్పుడైనా లోడ్ ఎందుకు పెరిగిందో ముందు చూడాలి: గైడ్ బిగుసుకుందా, డై తప్పుగా కూర్చుందా?

పిస్టన్ సీల్ అనుమానం తీర్చుకోవడానికి రామ్‌ని పూర్తిగా కిందికి దించి, ప్లేటుని దిమ్మెల మీద ఆనించండి. మోటారు ఆపి, ప్రెజర్ సున్నా అయిందని గేజ్‌లో చూశాకే రాడ్ వైపు హోస్ విప్పి, దాని నోటికి ప్లగ్ బిగించండి. పక్కకు నిలబడి, మళ్లీ దించే బటన్ నొక్కండి. సిలిండర్ పోర్టులోంచి ఆయిల్ ఆగకుండా వస్తుంటే సీల్ పోయింది. రాకపోతే సిలిండర్‌ని విప్పి టైమ్ వృథా చేసుకోకండి, పంపు వైపు చూడండి.

ఆయిల్ పాలలా తెల్లబడితే గాజు సీసాలో పట్టి ఓ గంట పక్కన పెట్టండి. తేటగా మారితే అది గాలి, సక్షన్ వైపు ఫిట్టింగులు చూసుకోండి. తెల్లగానే ఉంటే నీళ్లు కలిశాయి, ఆయిల్ మార్చాలి. ట్యాంకు 60 డిగ్రీలు దాటుతుంటే ముందు చూడాల్సింది రిలీఫ్ మీదుగా ఎంత ఆయిల్ పోతోందన్నది. కూలర్ కొనడం ఆ తర్వాతి సంగతి.

ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి: రిలీఫ్ 140, కౌంటర్ బ్యాలెన్స్ 13, ఖాళీ స్ట్రోక్ కిందికి 13 సెకన్లు, పైకి ఆరున్నర, ఫిల్టర్ మార్చిన తేదీ. మొదటి ఫిల్టర్‌ని 50 గంటలకే మార్చండి, తయారీలో మిగిలిన చెత్తంతా దాంట్లోనే చేరుతుంది.